బిట్టు మాహాత్మ్యం

చరిత్ర పుస్తకం చదవాలంటే ఓపిక కావాలి, అనుమానించే బుద్ధి కావాలి, చదివాక నాలుగు రాత్రులు నిద్ర చెడినా తట్టుకునే గుండె కావాలి. బిట్టుకు ఇవేవీ అక్కర్లేదు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు, దిద్దడానికి ఒక గుండ్రం. గుండ్రం నల్లబడితే చరిత్ర గట్టెక్కినట్టే. అందుకే తెలుగునాట చరిత్రకు పాఠకులు కరవయ్యారు గానీ బిట్టుకు భక్తులు లక్షల్లో ఉన్నారు.

చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో, అవనిగడ్డ కోచింగ్ సెంటర్లలో తెల్లవార్లూ బిట్లు వల్లించే పిల్లల్ని పల్లెత్తు మాట అనను. వాళ్లు చదివేది ఉద్యోగం కోసం. ఇంటి దగ్గర అమ్మానాన్నలు అప్పు తెచ్చి పంపుతుంటే, 'ఎందుకు' అనే ప్రశ్న వేసుకుంటూ కూర్చునే తీరిక వాళ్లకు లేదు. నా తగాదా ఆ బిట్లు తయారుచేసే పెద్దలతో, వాటిని కట్టలు కట్టి అమ్మే సార్లతో, పొద్దున లేవగానే 'మీకు తెలుసా?' అంటూ వాట్సాప్‌లో విసిరే పుణ్యాత్ములతో. అందరికంటే ముందు, బిట్టును చూసి హాయిగా ఊపిరి పీల్చుకునే నాయకులతో.

నాయకులకు బిట్టంటే అంత ప్రీతి ఎందుకో చెప్పనా? అది సాధుజంతువు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని అని అడిగి ఊరుకుంటుంది. ఎందుకు అని అడగదు. అడిగితే జవాబు గుండ్రంలో పట్టదు, గుండ్రంలో పట్టనిదానికి మార్కు లేదు. పనసపండు కోసి తొనలన్నీ పెంటలో పారేసి, పిక్కలు ఎన్నున్నాయో లెక్కపెట్టి బహుమతులు పంచుకున్నట్టుంది మన చరిత్ర చదువు.

ముందుగా మన బిట్లన్నింటికీ మూలపురుషుడి దగ్గరికి వెళ్దాం. పొట్టి శ్రీరాములు ఎన్ని రోజులు నిరాహారదీక్ష చేశారు? 56, 57, 58, 59. ఏ తరగతి పిల్లవాణ్ని లేపి అడిగినా 58 అంటాడు. 1952 అక్టోబరు 19న మొదలు, డిసెంబరు 15న మరణం, స్థలం మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. ఇవన్నీ కంఠతా. ఆంధ్రరాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించింది డిసెంబరు 19న అని కూడా చెబుతాడు. పాపం, 19లోంచి 15 తీసివేయమని మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు. తీసివేస్తే 4 వస్తుంది. మనిషి బతికుండగా 58 రోజులు వినపడని మాట, మనిషి పోయి ఊళ్లు భగ్గుమని కాల్పుల్లో జనం చచ్చాక నాలుగు రోజుల్లో వినపడింది. ఆ నాలుగులో ఉంది అసలు పాఠం: ఈ దేశంలో ప్రభుత్వ చెవి ఏ శబ్దానికి తెరుచుకుంటుందన్నది. ఆ పాఠం పిల్లలకు చెబితే ప్రమాదం. 58 చెబితే విగ్రహం పెట్టి దండ వేయొచ్చు.

ఇదే శ్రీరాములు అంతకు ఆరేళ్ల ముందు, 1946లో, నెల్లూరులో దళితుల ఆలయ ప్రవేశం కోసం నిరాహారదీక్ష చేశారు. ఆ దీక్ష ఎన్ని రోజులో అడిగే బిట్టు మీరెప్పుడైనా చూశారా? రాష్ట్రం కోసం కడుపు మాడ్చుకుంటే అమరజీవి. గుడి తలుపు కోసం కడుపు మాడ్చుకుంటే సిలబస్‌లో లేదు.

తర్వాతి బిట్టు: ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి ఎవరు? టంగుటూరి ప్రకాశం. సైమన్ కమిషన్ నాడు తుపాకీకి రొమ్ము చూపిన వీరుడు ఎవరు? ఆయనే. రెండు మార్కులు. ఆ తొలి ప్రభుత్వం దేనిమీద కూలిందో అడిగితే హాల్లో సగం మంది ఆకాశం చూస్తారు. 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో కూలింది. గొడవ మద్య నిషేధం గురించి. నిషేధం ఎత్తేయమన్న రామమూర్తి కమిటీ మాట వినలేదని అవిశ్వాసం పెట్టారు, దింపేశారు. మన రాజకీయ చరిత్ర మొత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పమంటే నేను ఇలా చెబుతాను: తొలి ప్రభుత్వం మద్యం మీద పడిపోయింది, తర్వాతి ప్రభుత్వాలు మద్యం మీద నిలబడ్డాయి.

ఇందులో ఇంకో బిట్టు పుడుతుంది. సారా వ్యతిరేక ఉద్యమానికి పేరొందిన నెల్లూరు జిల్లా గ్రామం? దూబగుంట. శభాష్, ఒక మార్కు. ఆ ఆడవాళ్ల పోరాటం చూసి ఎన్టీఆర్ ప్రభుత్వం 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అదే పార్టీ ప్రభుత్వం, చంద్రబాబు నాయుడు గారి హయాంలో, దాన్ని ఎత్తేసింది. దూబగుంట ఎక్కడుందో తెలిసిన తరాన్ని తయారుచేశాం. దూబగుంట గెలుపు రెండేళ్లకే ఎక్కడికి పోయిందో అడిగే తరాన్ని తయారుచేయకుండా జాగ్రత్తపడ్డాం.

వాట్సాప్ వీరులకు ప్రాణప్రదమైన బిట్టు ఇంకొకటి ఉంది. 1952 ఎన్నికల్లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న తెలుగువాడు ఎవరు? నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి, 3 లక్షలకు పైగా ఓట్లు. 'గర్వించు తెలుగోడా' అని కింద మూడు జెండా బొమ్మలు. గర్విద్దాం, తప్పులేదు. కానీ ఆ ఓట్లు తెలుగోడని పడలేదు. భూమి, వెట్టి, దొరల గడీల మీద కసితో పడ్డాయి. 1951 అక్టోబరు దాకా తుపాకులతో సాగిన పోరాటం, కొన్ని నెలలు తిరక్కుండానే ఓట్ల పెట్టెలోకి వచ్చి కూర్చుంది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ అని వేరే బోర్డు కట్టి నిలబడాల్సి వచ్చింది. ఫార్వర్డు చేసే అన్నయ్య ఇవన్నీ చదివితే సగం దారిలో వేలు ఆగిపోతుంది. అదే నల్లగొండ నుంచి, అదే ఫ్రంటు తరఫున రిజర్వుడు స్థానంలో గెలిచిన సుంకం అచ్చాలు పేరు మాత్రం ఏ ఫార్వర్డులోనూ ఉండదు. ఒకే నియోజకవర్గం, ఇద్దరు ఎంపీలు, ఒక్కరికే బిట్టు.

ఒకే చోట ఇద్దరు ఎంపీలేమిటంటారా? అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గాలుండేవి. ఒకటి జనరల్ సీటు, ఒకటి రిజర్వుడు సీటు, ఓటరుకు రెండు ఓట్లు. నెహ్రూ గెలిచిందీ అలాంటి చోటే. ఈ ఏర్పాటు గురించి మన బిట్టు బ్యాంకుల్లో రావాల్సిన గొప్ప కథ ఒకటుంది, రాలేదు. స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి అయినవారు ఎవరంటే వి.వి.గిరి అని ఠక్కున చెబుతాం. ఆయన 1957లో పార్వతీపురంలో ఎలా ఓడారో చెప్పం.

గిరి గారు అప్పటికే పెద్దమనిషి. కార్మిక నాయకుడు, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర మంత్రి పదవి వదిలేసిన మనిషి. పార్వతీపురంలో రెండు సీట్లు: ఒకటి గిరిజనులకు, ఒకటి అందరికీ. లెక్క తేలాక చూస్తే ఇద్దరు గిరిజన అభ్యర్థులు, బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొర, గిరి కంటే ముందున్నారు. రూలు ప్రకారం ఒకరికి రిజర్వుడు సీటు, రెండోవారికి జనరల్ సీటు. కాబోయే రాష్ట్రపతికి సున్నా. గిరి గారు కోర్టుకెక్కారు. గిరిజనుడికి రెండో సీటు ఎలా ఇస్తారని ఒక వాదన. సూరిదొర అసలు గిరిజనుడే కాదు, క్షత్రియాచారంలోకి మారాడని ఇంకో వాదన. 1959లో సుప్రీంకోర్టు రెండింటినీ తోసిపుచ్చింది. జనరల్ సీటంటే అందరి సీటు, గిరిజనుడు కూడా ఆ అందరిలోవాడే అని తేల్చింది.

ఎంత అద్భుతమైన చరిత్ర! మన్యంలో ఓటరు వేసిన ఓటు, 'జనరల్' అంటే మేమే అనుకునే పెద్ద కులాల ధీమాను సుప్రీంకోర్టు దాకా లాగింది. తర్వాత ఏమైంది? 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. మరి ఓడిన గిరి గారి సంగతి? అదే 1957లో ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పంపారు. పార్వతీపురం వద్దంటే లక్నో కావాలంది. ఓడినవాళ్లకు రాజ్‌భవన్ అనే పద్ధతి ఈనాటిది కాదని పిల్లలకు తెలిస్తే ఎంత ఊరట!

ఇక 'తొలి' బిట్ల సంగతి. మన పరీక్షలకు తొలి అంటే వెర్రి వ్యామోహం. తొలి గవర్నరు, తొలి స్పీకరు, తొలి దక్షిణాది ప్రధాని. ఆ వరసలో ఆణిముత్యం: దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఎవరు? దామోదరం సంజీవయ్య, 1960 నుంచి 1962 దాకా, ఆంధ్రప్రదేశ్. చూశారా, దేశానికే దారి చూపాం! నిజమే, చూపాం. నేనొక చిన్న ప్రశ్న అడుగుతాను: తెలుగు రాష్ట్రాల్లో రెండో దళిత ముఖ్యమంత్రి ఎవరు? అరవై ఏళ్లు దాటాయి, రాష్ట్రం ఒకటి రెండయింది, ముఖ్యమంత్రులు ఎందరో వచ్చారు, పోయారు. ఈ ప్రశ్నకు ఒక్క ఆప్షన్ ఇవ్వడానికి కూడా పేరు దొరకదు. పోనీ, తొలి మహిళా ముఖ్యమంత్రి? తొలి అంటే ప్రాణమిచ్చే ప్రశ్నకర్తలు ఇక్కడ ఎందుకో మొహమాటపడతారు. రెండో మనిషి రాకపోతే తొలి మనిషి దారి చూపినట్టు కాదు, దారి తప్పి వచ్చినట్టు. ఈ సంగతి దాచడానికే 'తొలి' అనే బిట్టును అంత ఘనంగా ఊరేగిస్తున్నాం.

పీవీ నరసింహారావు గారి మీద బిట్లు చూడండి. ఆయనకు ఎన్ని భాషలు వచ్చు? నంద్యాల ఉప ఎన్నికలో ఏ సంవత్సరంలో గెలిచారు? భారతరత్న ఎప్పుడు ప్రకటించారు? మేధావి, బహుభాషావేత్త, సరే. 1992 డిసెంబరు 6 మధ్యాహ్నం, బాబ్రీ మసీదు కూలుతున్నప్పుడు, ఆయన ఆ భాషలన్నింటిలో ఏ భాషలో మౌనంగా ఉన్నారు? ఈ బిట్టు లేదు. 2004 డిసెంబరులో ఆయన పార్థివదేహం ఢిల్లీలో సొంత పార్టీ కార్యాలయం గేటు బయటే ఎందుకు ఆగి హైదరాబాద్ వచ్చింది? ఈ బిట్టూ లేదు. మొదటి ప్రశ్న ఆయన అభిమానులకు ఇబ్బంది, రెండోది ఆయన పార్టీకి ఇబ్బంది. భాషలు లెక్కపెడితే ఎవరికీ ఇబ్బంది లేదు.

1984 ఆగస్టు సంక్షోభం మీద మన బిట్టు ఎంత సాత్వికమో గమనించండి: 31 రోజుల ముఖ్యమంత్రి ఎవరు? నాదెండ్ల భాస్కరరావు. గవర్నరు? రామ్‌లాల్. అయిపోయింది. గెలిచిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను రాజ్‌భవన్ నుంచి ఒక కాగితంతో తీసేయొచ్చా, ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి పక్క రాష్ట్రం దాకా తరలించాల్సిన ఖర్మేమిటి అని అడిగితే, మళ్లీ పదకొండేళ్లకు, 1995 ఆగస్టులో, వైస్రాయ్ హోటల్‌లో ఎమ్మెల్యేల మకాం గురించి కూడా అడగాల్సి వస్తుంది. 1984లో వెన్నుపోటు అన్నవాళ్లు 1995లో ప్రజాస్వామ్య పరిరక్షణ అన్నారు. రెండుచోట్లా నెల ఆగస్టే, రెండుచోట్లా దిగిపోయింది ఎన్టీఆరే. 'జతపరచండి' అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు. ఎవరూ జతపరచరు.

దీనికి మందు 1985లోనే కనిపెట్టాం. ఫిరాయింపుల నిరోధక చట్టం ఏ రాజ్యాంగ సవరణ? 52వది. ఏ షెడ్యూలు? పదోది. ఈ రెండు అంకెలు తెలియని నిరుద్యోగి తెలుగు రాష్ట్రాల్లో ఉండడు, ఆ చట్టాన్ని లెక్కచేసిన స్పీకరు అరుదుగా కనిపిస్తాడు. 2014, 2019 మధ్య వైఎస్సార్‌సీపీ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి నడిచారు, అందులో నలుగురు మంత్రులయ్యారు. 2019లో తెలంగాణలో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మందిలో 12 మంది టీఆర్‌ఎస్‌లో 'విలీనం' అయ్యారు. 18లో మూడింట రెండు వంతులు ఎంత? ఇది అరిథ్మెటిక్ బిట్టు. పాలిటీ పేపరులో వెతక్కండి, దొరకదు.

జవాబు ఒకటే ఉండాలన్నది బిట్టు ధర్మం. ఆ ధర్మానికి మన ప్రభుత్వాలు పెట్టే పరీక్ష చూస్తే ప్రశ్నకర్తల మీద జాలి వేస్తుంది. సెప్టెంబరు 17ను ఏమంటారు? ఎ) విమోచన దినం బి) విలీన దినం సి) జాతీయ సమైక్యతా దినం డి) ప్రజాపాలన దినం. నాలుగు ఆప్షన్లూ పార్టీలే సమకూర్చాయి, ప్రశ్నకర్త చెమటోడ్చాల్సిన పనిలేదు. కీ మాత్రం ఎన్నికల ఫలితాల రోజున విడుదలవుతుంది. 1948లో హైదరాబాద్ రాష్ట్రం మీద అయిదు రోజుల్లో ముగిసిన సైనిక చర్య పేరు ఆపరేషన్ పోలో, దానికి నాయకత్వం వహించిన వారు మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి. ఇవి బిట్లు. సైన్యం నడిపినదాన్ని 'పోలీసు చర్య' అని ఎందుకన్నారు, ఆ రోజుల్లో, ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానీయకుండా ఎందుకు అట్టేపెట్టారు? ఇవి బిట్లు కావు. రజాకార్ల దౌర్జన్యం చెప్పేవాడు నివేదిక మాట ఎత్తడు, నివేదిక మాట ఎత్తేవాడు రజాకార్ల మాట ఎత్తడు. ఇద్దరూ కలిసి మనకు 'పోలో' అనే ఒక్క మాట మిగిల్చారు.

ఆంధ్రప్రదేశ్ రాజధాని ఏది? అయిదో తరగతి ప్రశ్న. కొన్నేళ్లు దీనంత గడ్డు ప్రశ్న దేశంలో ఇంకోటి లేదు. 1953లో కర్నూలులో గుడారాలేసుకుని పాలించాం, 1956లో కట్టిన ఇంట్లోకి హైదరాబాద్ వచ్చాం, 2015లో అమరావతికి శంకుస్థాపన చేశాం, 2020లో మూడు రాజధానులకు చట్టం చేశాం, 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నాం, 2025లో అమరావతి పనులకు మళ్లీ కొబ్బరికాయ కొట్టాం. 'రాజధాని ఏది' అన్నదానికి పెన్నుతో గుండ్రం దిద్దే పిల్లవాణ్ని ఓఎంఆర్ షీటులో జవాబు మార్చొద్దంటారు. ప్రభుత్వాలకు ఆ నిబంధన లేదు. ముప్పై వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చి ఈ దిద్దుబాట్లన్నీ చూస్తూ కూర్చున్న రైతు ఏ ప్రశ్నలోనూ రాడు, వాడు ఆప్షన్ కాదు కాబట్టి.

పోనీ, బిట్టునైనా నిజాయతీగా అడుగుతున్నామా? తెలంగాణలో 2022 అక్టోబరులో రెండున్నర లక్షల మందికి పైగా గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని తేలి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి రాయించారు. తాతముత్తాతల కాలం నాటి తేదీలు తప్పు రాస్తే పిల్లలకు మార్కు కోసే వ్యవస్థ, తన కాగితాన్ని తన బీరువాలో దాచుకోలేకపోయింది. నెగెటివ్ మార్కింగ్ ఎవరికి పెట్టాలి? ఇదీ రాజకీయ చరిత్రే. వచ్చే పరీక్షలో ఇది ప్రశ్నగా రాదని నేను హామీ ఇవ్వగలను.

'అన్నీ వ్యాసరూప ప్రశ్నలు పెడితే లక్షల పేపర్లు ఎవరు దిద్దుతారు?' అని ఒక పెద్దమనిషి అడుగుతాడు. సహేతుకమే. బిట్టు వద్దనడం లేదు, తేదీలు వద్దనడం లేదు. తేదీ తెలియనివాడికి రెండు తేదీల మధ్య దూరం తెలియదు, డిసెంబరు 15కూ 19కీ మధ్య ఉన్న నాలుగు రోజులు వాడికి కనిపించవు. నేననేది, బిట్టు తలుపు దగ్గర ఆగిపోవద్దని. ఆ తలుపు తీయనివ్వకుండా కాపలా కాసేవాళ్లే ఈ దేశంలో జనరల్ నాలెడ్జికి పెద్ద పోషకులు. ఎన్ని తేదీలు వచ్చిన ఓటరైనా వాళ్లకు పరవాలేదు. రెండు తేదీల్ని పక్కపక్కన పెట్టి చూసే ఓటరు వస్తేనే చిక్కు.

కాబట్టి అయ్యా, అమ్మా, ఈసారి ఎవరైనా 'మీకు తెలుసా?' అని చరిత్ర బిట్టు విసిరితే, జవాబు చెప్పి ఊరుకోకండి. తర్వాత ఏమైంది, ఎవరికి లాభించింది, రెండోవాడు ఎందుకు రాలేదు అని తిరిగి అడగండి. మీ పిల్లలు బిట్లు వల్లిస్తుంటే ఒక్కో బిట్టుకు ఒక్క 'ఎందుకు' జోడించి అప్పజెప్పమనండి. అది సిలబస్‌లో లేదని ఎవరైనా అంటే, ఓటర్ల జాబితాలో మా పేరుంది, అంతకు మించిన సిలబస్ మాకు అక్కర్లేదని చెప్పండి.